పని కొలత, పని వేళ: కోడ్ భాండాగారాన్ని కాలనమోదు సాఫ్ట్‌వేర్‌తో కలిపే లో-కోడ్ విధానం – పాలమూరు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ రచనలో జరిగిన మార్పులు కోడ్ భాండాగారంలో నమోదవుతాయి. ఆ పనికి పట్టిన గంటలు కాలనమోదు సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతాయి. ఈ రెంటినీ ప్రోగ్రాం రాయకుండా, లేదా అతి కొద్దిగా రాసి, కలిపే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ కలయికలో తప్పులు ఎక్కడ పుడతాయో, వాటి వల్ల ఎవరి కూలి తగ్గుతుందో పరిశీలిస్తుంది. మట్టి పని కొలతలకూ మస్టరుకూ మధ్య సంబంధాన్ని దశాబ్దాలుగా ఎరిగిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు శ్రమానుభవాన్ని ఈ పరిశీలనకు ఆధారంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: కోడ్ భాండాగారం, గిట్, కమిట్, వెబ్‌హుక్, లో-కోడ్, కాలనమోదు, మస్టరు, పాలమూరు, గద్వాల చేనేత.

1. ఉపోద్ఘాతం:

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. అంతకు చాలా ముందునుంచే ఈ నేలకు దేశమంతటా ఒక పేరుంది. అది పాలమూరు లేబరు అనే పేరు. ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టిన చోటికల్లా గుంపు మేస్త్రీల వెంట వెళ్లి మట్టి పని చేసిన కుటుంబాలు ఇక్కడివి. వారి బతుకులో రెండు లెక్కలు ఎప్పుడూ ఉన్నాయి. ఒకటి ఎన్ని రోజులు పనికి వచ్చారన్న హాజరు లెక్క. రెండోది ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తవ్వారన్న కొలత లెక్క. మొదటిది మేస్త్రీ చేతిలో ఉండేది, రెండోది గుత్తేదారు చేతిలో ఉండేది. కూలివాని చేతిలో ఏదీ ఉండేది కాదు.

2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మస్టరు, కొలతల పుస్తకం, చెల్లింపు ఉత్తర్వు అనే మూడింటినీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తొలినాళ్లలోనే కంప్యూటరులో ఒకే వరుసలోకి తెచ్చింది. హాజరు ఒక పట్టికలో, కొలత మరొక పట్టికలో ఉన్నా, వాటిని కలిపితే తప్ప కూలి తేలదు. ఆ కలపడంలోనే న్యాయం జరుగుతుంది, అన్యాయమూ జరుగుతుంది.

ఆ కూలి కుటుంబాల తరువాతి తరాలలో కొందరు నేడు ప్రోగ్రాం రాస్తున్నారు. వనపర్తి సంస్థాన రాజప్రాసాదంలో 1959లో మొదలైన ప్రభుత్వ పాలిటెక్నిక్ నుంచి మొదలుకొని ఈ ప్రాంతపు సాంకేతిక విద్యకు సుదీర్ఘ చరిత్ర ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేసేవారు, ఇంటినుంచి గంటల లెక్కన విదేశీ పని చేసేవారు, ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న సంస్థ నడిపేవారు – వీరందరికీ ఆ పాత రెండు లెక్కలే కొత్త పేర్లతో ఎదురవుతాయి. కొలతల పుస్తకం స్థానంలో కోడ్ భాండాగారం, మస్టరు స్థానంలో కాలనమోదు సాఫ్ట్‌వేర్ వచ్చాయి. పోలిక అలంకారం కోసం చెప్పినది కాదు. రెంటి నిర్మాణమూ, రెంటి బలహీనతలూ నిజంగానే ఒకటి.

2. భాండాగారంలో ఏముంటుంది?

లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నెల్ పనికోసం రూపొందించిన గిట్ నేడు దాదాపు సార్వత్రికమైన భాండాగార వ్యవస్థ. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ వంటివి దానిని అంతర్జాలంలో ఆతిథ్యమిచ్చే వేదికలు మాత్రమే. ప్రోగ్రామరు తన మార్పులను ఒక దశలో ముడివేసి భద్రపరచడాన్ని కమిట్ అంటారు. ప్రతి కమిట్‌లో మార్పు జరిగిన ఫైళ్ల స్థితి, దాని ముందున్న కమిట్‌తో బంధం, రచయిత పేరు, ఈమెయిలు, ఒక సందేశం, రెండు తేదీలు ఉంటాయి. ఇదంతా కలిపి గణిస్తే నలభై అక్షరాంకెల గుర్తింపు సంఖ్య వస్తుంది. కమిట్‌లో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. మట్టి తవ్వేటప్పుడు పాత నేలమట్టం ఎంత ఎత్తున ఉండేదో చూపడానికి మధ్యలో తవ్వకుండా చిన్న దిబ్బను వదిలేస్తారు. కొలతకు వచ్చినవారికి అదే సాక్షి. గిట్‌లో ఆ సాక్ష్యం ఈ సంఖ్య చెబుతుంది.

రెండు తేదీల సంగతి చాలామంది గమనించరు. ఒకటి రచనా తేదీ, అంటే మార్పును మొదట రాసిన సమయం. రెండోది కమిట్ తేదీ, అంటే ఆ కమిట్ ఇప్పుడున్న రూపంలో భాండాగారంలో చేరిన సమయం. కమిట్ల వరుసను తిరగపేర్చినప్పుడు రెండోది మారుతుంది, మొదటిది సాధారణంగా మారదు. పైగా రెండూ ప్రోగ్రామరు సొంత కంప్యూటరు గడియారం నుంచి వచ్చేవే. ఆ గడియారం తప్పయితే తేదీ తప్పు. కావాలనుకుంటే ఒక చిన్న అమరికతో ఏ తేదీనైనా వేయవచ్చు. కనుక కమిట్ తేదీని పనివేళకు తిరుగులేని రుజువుగా స్వీకరించడం సాంకేతికంగా చెల్లదు.

కాలనమోదు సాఫ్ట్‌వేర్ నిర్మాణం మరింత సులువు. టోగుల్, హార్వెస్ట్, క్లాకిఫై వంటి వాణిజ్య సేవలైనా, కిమాయ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయినా ఒక నమోదులో ఎవరు, ఏ ప్రాజెక్టు, ఎప్పుడు మొదలు, ఎంతసేపు, ఏమి చేశారు అన్న ఐదు విషయాలే ప్రధానం. టోగుల్‌లో ఒక వింత ఉంది: నడుస్తూ ఉన్న గడియారపు వ్యవధిని అది రుణ సంఖ్యగా నిల్వ చేస్తుంది. గడియారం ఆపకుండానే లెక్క కూడే వ్యవస్థను నిర్మించినవారికి మొత్తంలో గంటలు తగ్గి కనిపించడానికి ఇదొక కారణం.

3. అనుసంధానం ఎలా జరుగుతుంది?

రెండు సాఫ్ట్‌వేర్లను కలపడానికి ఒకప్పుడు ప్రత్యేకంగా ప్రోగ్రాం రాయవలసి వచ్చేది. తెరమీద గళ్లను గీతలతో కలిపి పని జరిపించే వేదికలు వచ్చాక ఆ అవసరం తగ్గింది. ఇటువంటి వేదికలకు లో-కోడ్ అనే పేరును ఫారెస్టర్ పరిశోధన సంస్థ 2014లో వాడుకలోకి తెచ్చింది. జేపియర్, మేక్, మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్, జోహో ఫ్లో, 2019లో బెర్లిన్ నుంచి వెలువడిన ఎన్8ఎన్ ఈ కోవలోనివి. వీటిలో ఎన్8ఎన్‌ను సొంత కంప్యూటరులోనే నడుపుకోవచ్చు. చిన్న సంస్థకు ఇది డబ్బు ఆదా మాత్రమే కాదు. పని వివరాలు మూడో చేతికి వెళ్లవు.

ప్రవాహానికి ప్రారంభం వెబ్‌హుక్. భాండాగారంలో ఏదైనా జరిగినప్పుడు ముందే ఇచ్చిన చిరునామాకు భాండాగారమే ఒక వర్తమానం పంపుతుంది. వేదిక పదేపదే వెళ్లి ‘ఏమైనా జరిగిందా?’ అని అడగనక్కరలేదు. కమిట్లను భాండాగారానికి పంపిన క్షణాన ఆ కమిట్ల జాబితా, సందేశాలు, రచయితలు, తేదీలు ఒకే వర్తమానంలో వస్తాయి. ఆ వర్తమానం నిజంగా భాండాగారం నుంచే వచ్చిందని తేల్చుకోవడానికి ఒక రహస్య పదంతో గణించిన ముద్ర దానికి జోడై ఉంటుంది. వేదిక అదే రహస్య పదంతో మళ్లీ గణించి సరిచూస్తుంది. ఈ సరిచూపును వదిలేసిన ప్రవాహానికి, చిరునామా తెలిసినవారెవరైనా దొంగ గంటలు పంపవచ్చు.

తరువాతి గడి వడపోత. యంత్రాలు తమంతట తాము చేసే కమిట్లు, శాఖలను కలిపినప్పుడు పుట్టే కమిట్లు ఇక్కడ ఆగిపోవాలి. ఆ తరువాత రూపాంతరం. కమిట్ సందేశంలోనో, శాఖ పేరులోనో ఉన్న పని సంఖ్యను వెతికి తీసి, అది ఏ ప్రాజెక్టుకు చెందినదో పట్టికలో చూసుకోవాలి. ఈమెయిలును బట్టి మనిషిని గుర్తించాలి. చివరి గడి కాలనమోదు సాఫ్ట్‌వేర్‌లో ఒక వరుస రాస్తుంది.

వ్యవధి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? కమిట్ ఒక బిందువు, దానికి పొడవు లేదు. ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు ఉన్నాయి. మొదటిది, ప్రోగ్రామరే సందేశంలో గంటలు రాయడం. జీరాలో ‘#టైమ్’ అన్న గుర్తు పక్కన గంటలూ నిమిషాలూ రాస్తే ఆ పనికి అవి జమ అవుతాయి. గిట్‌ల్యాబ్‌లో పని కింద రాసే వ్యాఖ్యలో ‘స్పెండ్’ అనే ఆదేశంతో అదే జరుగుతుంది. రెండోది, కమిట్ల మధ్య ఎడమును బట్టి అంచనా కట్టడం. మొదటిది మనిషి మాట, రెండోది యంత్రపు ఊహ. యంత్రపు ఊహకే ఎక్కువ మంది మొగ్గు చూపుతారు. అది నిష్పాక్షికమన్న భ్రమ దానికి కారణం.

4. మూడు గంటలా, ఆరు గంటలా?

ఆ భ్రమను ఒక లెక్కతో పరీక్షించవచ్చు. గిట్-అవర్స్ అనే ఉపకరణం అనుసరించే పద్ధతి ఇది: రెండు కమిట్ల మధ్య ఎడం రెండు గంటలకు లోపు ఉంటే ఆ ఎడమంతా పని చేసినట్టే లెక్క, అంతకు మించితే కొత్త విడత మొదలైనట్టు. ప్రతి విడతలో తొలి కమిట్‌కు ముందు ఎంతో కొంత పని జరిగి ఉంటుంది కనుక దానికి ఒక స్థిర సమయం కలుపుతారు. ఉపకరణంలో ముందుగా అమర్చి ఉన్న స్థిర సమయం కూడా రెండు గంటలే.

వనపర్తిలో ఇంటినుంచి పనిచేసే ఒక ప్రోగ్రామరు ఒక రోజు ఉదయం 10.10, 10.50, 11.40 గంటలకు, మధ్యాహ్నం 4.00, 4.30 గంటలకు కమిట్లు చేశాడనుకుందాం. ఉదయపు మూడు కమిట్ల మధ్య ఎడాలు 40, 50 నిమిషాలు, మొత్తం 90. పగలు 11.40 నుంచి 4.00 వరకు 260 నిమిషాలు. ఇది రెండు గంటలు దాటింది కనుక లెక్కలోకి రాదు. మధ్యాహ్నపు విడతలో ఎడం 30 నిమిషాలు. రెండు విడతలకూ తొలి కమిట్ కోసం 120 నిమిషాల చొప్పున కలిపితే మొత్తం 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. స్థిర సమయాన్ని 30 నిమిషాలకు మారిస్తే మొత్తం 180 నిమిషాలు, అంటే మూడు గంటలు.

పని అదే, కమిట్లు అవే, రోజూ అదే. ఒక గడిలో ఒక అంకె మారితే కూలి సగమైంది. ఆ అంకెను ఎవరు నిర్ణయించారు? చాలా సందర్భాల్లో ఎవరూ నిర్ణయించలేదు. ఉపకరణం రాసినవారు ముందుగా పెట్టి వదిలినది అలాగే ఉండిపోయింది. పైగా లెక్కలోకి రాని 260 నిమిషాల్లో ఆ మనిషి భోజనం చేసి నిద్రపోయాడో, ఎంతకీ దొరకని ఒక దోషాన్ని వెతుకుతూ తెరముందే కూర్చున్నాడో భాండాగారానికి తెలియదు. అన్నిటికంటే కష్టమైన పనికే కమిట్లు తక్కువగా ఉంటాయన్నది ప్రోగ్రామర్లందరి అనుభవం.

ఉపాధి హామీ మట్టి పనిలో ఇటువంటి అంకెలను గాలికి వదలలేదు. ఒక ఘనపు మీటరు మట్టికి ఒకే కూలి ఉండదు. నేల గట్టిదనం, మట్టిని మోసే దూరం, ఎత్తే ఎత్తు బట్టి రేటు మారుతుంది. పనిని, కాలాన్ని, శరీర కదలికలను అధ్యయనం చేసి రేట్లు నిర్ణయించాలని పథకపు చట్టం అనుబంధమే చెప్పింది. వేసవిలో కొంత తక్కువ తవ్వినా పూర్తి కూలి వచ్చే వెసులుబాటు తెలుగు రాష్ట్రాలలో ఇచ్చారు. మండుటెండలో తవ్విన గంపకూ, చలికాలం తవ్విన గంపకూ తేడా ఉందని లెక్కల పుస్తకం ఒప్పుకున్నదన్నమాట. పాత కోడ్‌లో దోషం వెతకడానికీ, కొత్త పేజీ గీయడానికీ ఒకే ఎడం పరిమితి పెట్టిన ప్రవాహం ఆపాటి వివేకాన్ని కూడా చూపదు.

5. లెక్క తప్పే చోట్లు:

కాలమండలం మొదటి ఉచ్చు. కాలనమోదు సేవల్లో చాలావరకు అంతర్గతంగా ప్రపంచ ప్రామాణిక సమయంలో నిల్వ చేస్తాయి. భారత సమయం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. అమెరికా వారి పగటి వేళకు అనుగుణంగా రాత్రి పనిచేసే ప్రోగ్రామరు నెల ఒకటో తేదీ తెల్లవారుజామున 2 గంటలకు కమిట్ చేస్తే ప్రామాణిక సమయం ప్రకారం అది ముందు రోజు రాత్రి 8.30. అంటే ముందు నెల. ఆ నెల చీటీ అప్పటికే పంపి ఉంటే ఆ గంటలు ఏ చీటీలోనూ చేరవు. తెల్లవారి 5.30 లోపు చేసిన ప్రతి పనికీ ఈ ప్రమాదం ఉంది. రూపాంతరపు గడిలో కాలమండలాన్ని కోల్‌కతా అని స్పష్టంగా అమర్చడమే దీనికి మందు. కమిట్‌లోనే రచయిత కాలమండలపు తేడా నమోదై ఉంటుంది కనుక దాన్ని వదిలేయకుండా వాడుకోవడం ఇంకా మేలు.

రెండో ఉచ్చు అంతర్జాలం లేనప్పటి పని. గిట్‌కు కమిట్ చేయడానికి అంతర్జాలం అక్కరలేదు. అది దాని గొప్ప గుణం. నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ వైపు ఊళ్లో కూర్చుని రోజంతా పనిచేసి, సాయంత్రం సిగ్నల్ అందినప్పుడు అన్నీ ఒకేసారి పంపవచ్చు. అప్పుడు వెబ్‌హుక్ ఒక్కటే వస్తుంది, దానిలో ఎనిమిది కమిట్లు ఉంటాయి. ప్రవాహం నిర్మించినవారు వర్తమానం అందిన సమయాన్ని పనివేళగా తీసుకుంటే రోజంతా చేసిన పని ఒక్క నిమిషంలో జరిగినట్టు పడుతుంది. వర్తమానంలోని తొలి కమిట్‌ను మాత్రమే చదివే ప్రవాహాలైతే మిగిలిన ఏడింటినీ మింగేస్తాయి. పట్నంలో నిరంతర అంతర్జాలం ఉన్న చోట నిర్మించి పరీక్షించినవారికి ఈ దోషం కంటికి కనిపించదు.

అందని వర్తమానం మూడోది. గిట్‌హబ్ పంపిన వెబ్‌హుక్‌కు పది సెకన్లలో జవాబు రాకపోతే అది విఫలమైనట్టు నమోదవుతుంది, దానంతటది మళ్లీ పంపదు. ఇటీవలి రోజులవాటిని మనిషి వెళ్లి చేతితో మళ్లీ పంపించవచ్చు. సొంత కంప్యూటరులో వేదిక నడుపుకునే చిన్న సంస్థకు కరెంటు పోయిన గంటంతా ఇలా ఖాళీ కావచ్చు. అందువల్ల వెబ్‌హుక్‌ను మాత్రమే నమ్మకుండా, రాత్రికొకసారి భాండాగారంలోని ఆనాటి కమిట్లన్నిటినీ తెచ్చుకుని, జమ కానివి ఏవో సరిచూసే రెండో ప్రవాహం ఉండాలి. బ్యాంకు పుస్తకంతో చిట్టాను సరిచూసుకోవడం వంటిదే ఇది.

దీనికి తలకిందులైనది రెట్టింపు జమ. మళ్లీ పంపిన వర్తమానం వల్ల అదే కమిట్ రెండుసార్లు చేరవచ్చు. కమిట్ గుర్తింపు సంఖ్యను ఒక పట్టికలో దాచి, వచ్చిన ప్రతిదానినీ దానితో పోల్చితే ఇది ఆగుతుంది. కానీ కమిట్ల వరుసను తిరగపేర్చినప్పుడు సంఖ్యలే మారిపోతాయని పైన చెప్పుకున్నాం. పాత పని కొత్త సంఖ్యలతో వచ్చి మళ్లీ జమ అవుతుంది. ఇటువంటి చోట సంఖ్యతోపాటు రచనా తేదీ, రచయిత, సందేశం మూడింటినీ కలిపి పోల్చడం కొంత నయం. అనేక కమిట్లను ఒకటిగా నొక్కి కలిపే అలవాటున్న బృందాలలో దీనికి పూర్తి పరిష్కారం లేదు. ప్రధాన శాఖను కాక, పని జరుగుతున్న శాఖలనే లెక్కకు తీసుకోవాలి.

ఇక ఈమెయిలు. గిట్ తన అమరికలో ఉన్న ఈమెయిలునే రచయిత గుర్తుగా వేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో సొంత ఈమెయిలు ఉండిపోతే, సంస్థ ఈమెయిలుతో మనిషిని గుర్తించే ప్రవాహానికి ఆ రచయిత అపరిచితుడు. వడపోత అతని కమిట్లను నిశ్శబ్దంగా పక్కన పెడుతుంది. నెలాఖరున తక్కువ గంటలు చూసి ప్రశ్నించేది మనిషినే తప్ప వడపోతను కాదు. గుర్తుపట్టని ప్రతి కమిట్‌నూ వేరే పట్టికలో వేసి, రోజూ ఎవరో ఒకరు చూడాలన్న నియమం లేని ప్రవాహాన్ని జీతాలకు వాడకూడదు.

6. లెక్కకు అందని పని:

గద్వాల చీర ఈ విషయాన్ని వేరే దిక్కునుంచి చూపుతుంది. నూలు ఒడలికి పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేయడం దాని ప్రత్యేకత. ఆ కలయికకే భౌగోళిక గుర్తింపు దక్కింది. నేతగానికి మాస్టర్ వీవర్ ఇచ్చే కూలి గంటల లెక్కన కాదు, చీర లెక్కన. మగ్గం మీద నాడె ఆడిన వేళ కంటికి కనిపిస్తుంది. దానికి ముందు ఆసు పోయడం, కండెలు చుట్టడం, పడుగు అతకడం ఉన్నాయి. వాటిలో చాలాభాగం ఇంటి ఆడవాళ్లు, పెద్దవాళ్లు చేస్తారు. చీర కూలిలోనే అదంతా కలిసిపోతుంది, విడిగా ఎవరి పేరా పడదు. పట్టు నూలు కలిసే అంచు దగ్గర పోగులు ముడిపడే చోట ఎంత జాగ్రత్త పడ్డారో కూడా చీరను తిరగేసి చూసిన కంటికే తెలుస్తుంది, లెక్కల పుస్తకానికి తెలియదు.

కోడ్ రచనలోనూ కండెలు చుట్టే పని ఉంది. ఇతరులు రాసినదాన్ని చదివి తప్పులు చెప్పడం, కొత్తగా చేరినవారికి నేర్పడం, వినియోగదారుతో మాట్లాడి అతనికి నిజంగా ఏం కావాలో తేల్చడం, అనవసరమైన కోడ్‌ను రాయకుండా ఆపడం – ఇవేవీ కమిట్లు కావు. చదివి తప్పులు చెప్పే పనిని కొంతవరకు పట్టవచ్చు; సమీక్ష వ్యాఖ్యలకు కూడా భాండాగారం వెబ్‌హుక్ పంపుతుంది. ఇద్దరు కలిసి రాసినప్పుడు సందేశం చివర సహరచయిత పేరు రాసే సంప్రదాయం ఉంది. ప్రవాహం ఆ వరుసను చదివి ఇద్దరికీ జమ చేయవచ్చు. చాలా ప్రవాహాలు అది చేయవు. మిగిలినవి మనిషి చెబితే తప్ప తెలియవు.

కొలతే లక్ష్యంగా మారినప్పుడు అది మంచి కొలతగా ఉండదన్న భావం ఆంగ్ల ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చేసిన ఒక పరిశీలన నుంచి వచ్చింది. ప్రోగ్రామర్ల ఉత్పాదకతను ఒక్క అంకెతో, ముఖ్యంగా కమిట్ల వంటి చర్యల లెక్కతో, కొలవరాదని నికోల్ ఫోర్స్‌గ్రెన్ తదితరులు 2021లో ప్రతిపాదించిన స్పేస్ చట్రం వాదించింది. పాలమూరుకు ఈ సంగతి అంతకంటే దగ్గరి అనుభవం ద్వారా తెలుసు. ఉపాధి పని స్థలాల్లో కూలీల ఫొటోలను రోజుకు రెండుసార్లు స్థలం, సమయం ముద్రలతో ఫోను యాప్‌లో ఎక్కించే పద్ధతిని కేంద్రం 2023 జనవరి 1 నుంచి సామూహిక పనులన్నిటికీ తప్పనిసరి చేసింది. దొంగ మస్టర్లను అరికట్టడం దాని ఉద్దేశం. 2025 జూలైలో అదే మంత్రిత్వశాఖ రాష్ట్రాలకు రాసిన ఉత్తర్వులో పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని చెప్పవలసి వచ్చింది. నిజంగా పనిచేసినవారికి సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే హాజరు పోతుంది. పనిచేయని వారి ఫొటో ఫొటో మాత్రం ఎక్కుతుంది. గంటలకోసం ఖాళీ కమిట్లు చేసే ప్రోగ్రామరు, ఒకే మార్పును పది ముక్కలు చేసే ప్రోగ్రామరు ఇదే దారిలో నడుస్తారు. అటువంటివాడి లెక్క నిజాయతీపరుడి లెక్క కంటే నిండుగా కనిపిస్తుంది.

7. చిత్తు ప్రతిగా నమోదు:

ఈ ఇబ్బందులన్నిటినీ చూసి అనుసంధానమే వద్దనడం సరికాదు. గంటల లెక్కన పనిచేసేవారికి నెలాఖరున గుర్తు తెచ్చుకుని కాగితం నింపడం మరింత నష్టం. మరచిపోయిన గంటలు ఎప్పుడూ పనిచేసినవారివే. భాండాగారం ఇచ్చే జ్ఞాపకం విలువైనది. వివాదం వచ్చినప్పుడు, ‘ఆ వారం ఏం చేశావు?’ అని దూరదేశపు వినియోగదారు అడిగినప్పుడు, ప్రతి గంట పక్కనా కమిట్ సంఖ్య ఉన్న చీటీకి ఉన్న బలం నోటి మాటకు ఉండదు. తమ పని తేదీలు తమ చేతిలో లేక మేస్త్రీ చెప్పినదే లెక్కగా ఒప్పుకున్న తరాలు ఈ నేలమీద ఉన్నాయి. ఆ మేరకు ఈ సాధనం కూలివాని పక్షాన నిలబడగలదు.

నిలబడాలంటే ప్రవాహపు చివరి గడిలో ఒక మార్పు కావాలి. అది కాలపట్టికలో నేరుగా రాయకూడదు. చిత్తు నమోదుగా ఒక పక్కన పెట్టి, రోజు చివర ప్రోగ్రామరుకు ఒక సందేశం పంపాలి: ఫలానా పనికి ఇన్ని నిమిషాలు అనుకుంటున్నాం, ఫలానా ఎడాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఈ కమిట్లు ఏ పనివో తెలియలేదు. అతను సరిదిద్ది ఒప్పుకున్నాకే అది లెక్క అవుతుంది. ఎన్8ఎన్ వంటి వేదికల్లో మనిషి జవాబు వచ్చేవరకు ప్రవాహాన్ని ఆపి ఉంచే గడి సిద్ధంగానే ఉంది. దానికోసం ప్రోగ్రాం రాయనక్కరలేదు. యంత్రం వేసిన అంచనాను, మనిషి దిద్దిన అంకెను రెండింటినీ పక్కపక్కన ఉంచాలి. పాతదాన్ని చెరిపేస్తే ఎడం పరిమితి సరైనదో కాదో ఎన్నటికీ తేలదు. రెండూ ఉంటే, నెల తిరిగేసరికి ఏ రకం పనిలో యంత్రం ఎంత తక్కువ వేస్తున్నదో బయటపడుతుంది. అప్పుడు ఆ అంకెను మార్చవచ్చు. మట్టి రేట్లను పని అధ్యయనాల మీద సవరించినట్టే ఇదీ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపుదిద్దుకున్న సామాజిక తనిఖీలో మస్టరును, కొలతలను ఊరివారి ముందు చదివి వినిపించేవారు. కంప్యూటరులో ఉన్న అంకె పని చేసిన మనిషి చెవిన పడి, ‘నేను ఆ వారం ఊళ్లోనే లేను’ అనో, ‘నాకు ఆరు రోజులు రావాలి’ అనో మాట తిరిగి వచ్చినప్పుడే ఆ అంకెకు పరీక్ష. రోజు చివర వచ్చే ఆ సందేశం అటువంటి చదువుడు. అది ప్రోగ్రామరుకు రాకుండా పై అధికారికి మాత్రమే వెళ్తే అదే ప్రవాహం నిఘా అవుతుంది. సాంకేతికంగా రెంటికీ తేడా ఒక చిరునామా మాత్రమే.

చట్టం ఈ తేడాను పట్టించుకుంటుందని ధీమాగా ఉండలేము. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏడవ సెక్షన్‌లో, ఉద్యోగ ప్రయోజనాల కోసం ఉద్యోగి వివరాలను విడిగా సమ్మతి కోరకుండానే వాడుకునే అవకాశం యజమానికి ఉంది. కమిట్ తేదీలు మనిషి ఎప్పుడు నిద్రలేచాడో, ఏ పండుగనాడు పనిచేశాడో, ఎప్పుడు జబ్బుపడ్డాడో కూడా చెప్పగలవు. కాబట్టి ఏ వివరాలు ప్రవాహంలోకి రావాలన్నది వడపోత గడిలోనే తేలాలి. లెక్కకు కావలసింది పని సంఖ్య, తేదీ, నిమిషాలు. రాత్రి ఎన్ని గంటలకు అన్నది చీటీకి అక్కరలేదు. కోడ్ సారాంశం కూడా అక్కరలేదు. వేదికకు ఇచ్చే తాళపుచెవి విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది: భాండాగారాన్ని చదివే అనుమతి చాలు, రాసే అనుమతి ఇవ్వకూడదు, ఒక్క భాండాగారానికి చాలు, సంస్థలోని అన్నిటికీ వద్దు. గడువుతో కూడిన తాళపుచెవి తీసుకుని, గడువు తేదీని క్యాలెండరులో రాసుకోవాలి. లేకపోతే ఏదో ఒక నెల మధ్యలో ప్రవాహం ఆగిపోతుంది, ఆగినట్టు చీటీ రాసేనాటికి గాని ఎవరికీ తెలియదు.

ఎడం పరిమితి, తొలి కమిట్‌కు కలిపే నిమిషాలు, కాలమండలం, వడపోత నియమాలు – ఈ నాలుగూ ఒక పేజీలో తెలుగులోనే రాసి, పనిచేసేవారూ పని ఇచ్చేవారూ ఇద్దరూ చూసిన తేదీతో అదే భాండాగారంలో ఒక ఫైలుగా ఉంచవచ్చు. దానిలో ఎవరు ఏ అంకె ఎప్పుడు మార్చినా కమిట్ పడుతుంది.